హాల్వర్ కుర్చీ

ఒక సోమవారం మధ్యాహ్నం హాల్వర్ ఫ్యాక్టరీ భోజనాల గదిలోకి వెళ్లేసరికి అతని కుర్చీ లేదు.

బల్ల అదే, చుట్టూ మనుషులు వాళ్లే. అక్కడ ఎన్నడూ ఎవరూ కూర్చోనట్టు మిగతా కుర్చీలు దగ్గరికి జరిపేశారు. ఎవరూ తిట్టలేదు, తలెత్తి చూడనూ లేదు. నార్వేలో కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయ, ఆ ఫియోర్డు ఒడ్డున మనిషిని వెలివేయడానికి గొంతు పెంచరు. కాఫీ పోసుకుంటారు, కిటికీలోంచి వాన చూస్తారు, అంతే.

అతను చేసిన నేరం నిజం చెప్పడం. సిమెంటు ఫ్యాక్టరీలో పొగలోని దుమ్ము పట్టే సంచులు చిరిగిపోయినా బట్టీ నడుపుతున్నారా అని తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే, నడుపుతున్నారన్నాడు. బట్టీ ఆగిపోయి అందరూ చాలాకాలం ఇళ్లలో కూర్చున్నారు. యజమానుల్ని ఏమీ అనలేనివాళ్లకి హాల్వర్ దొరికాడు. అతని పక్క కుర్చీ ఎగిల్‌ది. ఇద్దరూ కలిసి పడవ కొనుక్కున్నంత స్నేహం. కంట్రోల్ రూములో కూర్చునే ఎగిల్ ఆ తర్వాత ఏం చెప్పాల్సి వచ్చినా పై అధికారికి మెయిలు పెట్టేవాడు, ఆయన హాల్వర్‌కి చెప్పేవాడు. హాల్వర్ కంప్రెసర్ల గదిలో బోర్లించిన డబ్బా మీద కూర్చుని రొట్టె తినడం అలవాటు చేసుకున్నాడు. అలా పదేళ్లు దాటిపోయాయి.

అప్పుడు బట్టీ వెనక ఒక కంటెయినర్ దిగింది. అందులో వెంట్రుకంత సన్నటి బోలు గొట్టాలు వేలకొద్దీ కట్టగట్టి ఉక్కు గొట్టంలో అమర్చారు. పొగ అందులోకి పంపితే కార్బన్ డయాక్సైడు ఆ సన్నటి గోడల్లోంచి జారి ఒకవైపు చేరుతుంది, మిగతా గాలి తన దారిన పోతుంది. గొట్టాలు చేసింది కొరియాలో, పీల్చే పంపు ఇటలీది, పొగ నార్వేది. ఈ పొగని పట్టుకోలేకపోతే దాని మీద వేసే పన్నులు బట్టీని బతకనివ్వవని ఊరంతటికీ తెలుసు. అయినా కంటెయినర్ చూసుకోమంటే ఒక్కరూ కదల్లేదు. ఎవరికీ అక్కర్లేని పనికి ఎవరికీ అక్కర్లేని మనిషిని పంపారు.

కొరియా నుంచి వచ్చిన ఇంజనీరు హీ-రాన్‌కి ఇదంతా తెలియదు. మొదటిరోజే పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి, తన కిమ్చీ డబ్బా తెచ్చి హాల్వర్ ఎదురుగా కూర్చుంది. అతని గోధుమరంగు చీజు రుచి చూసి, సబ్బుకి చక్కెర కలిపారా అని అడిగింది. నీ డబ్బా మూత తీస్తే బట్టీ కంపు తెలియడం లేదని హాల్వర్ అన్నాడు. భోజనం వేళ నవ్వడం అతనికే కొత్తగా అనిపించింది.

చలికాలంలో ఒకరోజు బట్టీకి ఇంధనం అందించే యంత్రం మొరాయించింది. మంట సరిగా అంటుకోక పొగలో మసి నిండింది. అలాంటప్పుడు కంట్రోల్ రూము వెంటనే కంటెయినర్‌కి ఫోన్ చేయాలి, హాల్వర్ వాల్వు మూయాలి. ఎగిల్ అలవాటుగా అధికారికి మెయిలు పెట్టాడు. అధికారి అది భోజనం అయ్యాక చూశాడు. ఈలోపు హాల్వర్‌కి పొగ వాసన మారినట్టు అనిపించింది. అడుగుదామంటే ఫోను గోడకే ఉంది. అతనూ అలవాటుగా దాన్ని ముట్టుకోలేదు. గొట్టాల కట్ట నల్లబడి పూడుకుపోయింది.

హీ-రాన్ కట్టను విప్పి చూసింది. ఫోను ఎందుకు ముట్టుకోలేదో హాల్వర్ చెప్పాక అంది:

"ఇటలీ వాళ్లతో రోజూ పొద్దున మాట్లాడతాను. కొరియాలో అర్ధరాత్రయినా లేచి మాట్లాడతారు. మీరూ ఎగిల్ ఒక్క గోడకి ఇటూ అటూ ఉండి మాట్లాడుకోరా?"

హాల్వర్ నల్లబడ్డ కట్టని పక్కకి జరిపాడు.

"ఇంకొక్క కట్టే ఉంది. అదీ పోతే కంటెయినర్ ఎత్తేస్తారు, హాల్వర్ గారూ. ఆ తర్వాత మీ బట్టీ సంగతి మీకే తెలుసు."

బట్టీ పోతే ఊళ్లో ఏం మిగులుతుందో హాల్వర్‌కి తెలుసు. కుర్చీ తీసేసినవాళ్ల పిల్లలు కూడా ఆ బట్టీ మీదే బతుకుతున్నారు. పోనీ అనుకోవడానికి రాత్రంతా ప్రయత్నించాడు. చేతకాలేదు.

మర్నాడు భోజనం వేళ కంటెయినర్‌లోని కుర్చీ భుజాన వేసుకుని మంచులో నడిచి భోజనాల గదికి వెళ్లాడు. ఎగిల్ పక్కన, పాత చోటు ముందు నిలబడ్డాడు. ఎగిల్ కదల్లేదు. కాఫీ ఫ్లాస్కు వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. తర్వాత ఫ్లాస్కు పక్కకి తీసి, తన కుర్చీ కొంచెం జరిపాడు.

హాల్వర్ కూర్చుని రొట్టె పొట్లం విప్పాడు.

"రెండు గంటలకి ఇంధనం మారుస్తున్నాం, మసి వస్తుంది," అన్నాడు ఎగిల్, బల్లతో చెబుతున్నట్టు. "వాల్వు మూసెయ్. తెరవాల్సినప్పుడు ఫోన్ చేస్తా."

"నువ్వేనా?"

"నేనే."

"ఫోనెలా చేస్తారో గుర్తుందా ఎగిల్?" అని మూలనుంచి ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎగిల్ చెవులు ఎర్రబడ్డాయి. అంతకుమించి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సింది అంతకంటే ఎంతో ఉందని హాల్వర్‌కి తెలియక కాదు. ఆ పూటకి అది చాలనుకున్నాడు.

రెండింటికి వాల్వు మూశాడు. నాలుగు దాటాక ఫోను మోగింది.

రెండో కట్ట ఆ చలికాలం దాటింది. వసంతంలో మంచు కరిగాక కూడా తెల్లగానే ఉంది. ఇంకా పెద్దవి మూడు కంటెయినర్లు పెట్టడానికి మూడు దేశాలవాళ్లూ ఒప్పుకున్నారు. హీ-రాన్ తిరిగి వెళ్లేరోజు హాల్వర్ ఫెర్రీ దాకా వచ్చి, ఆమె చేతిలో గోధుమరంగు చీజు పొట్లం పెట్టాడు.

"సబ్బు," అందామె నవ్వుతూ. కాస్త ఆగి, ఎగిల్ ఇప్పుడు మాట్లాడుతున్నాడా అని అడిగింది.

"మాట్లాడటమా? భోజనమంతా ఆ పడవ ఇంజను గోలే. నోరు మూయడే. కుర్చీ మోసుకెళ్లే ముందు ఒకసారి ఆలోచించుకోవాల్సింది అమ్మాయ్," అన్నాడు హాల్వర్.