విశ్రాంతి గదిలో పదమూడో ఎక్కం

తొంభైల చివర ఒక మధ్యాహ్నం, విజయవాడ స్టేషను విశ్రాంతి గదిలో, బుర్ఖా ధరించిన ఒక ఉపాధ్యాయిని అక్కడి టీవీకి పాత కంప్యూటరును, దానికొక టేప్ రికార్డరును తగిలిస్తున్నారు. ఆ గది బాధ్యత నాది కనుక, ఇది నిబంధనలకు విరుద్ధమని ఆమెను మందలించాను.

"కాసేపేనండీ. ఈ క్యాసెట్టు పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. సాయంత్రం బందరులో మా హెడ్మాస్టరు గారు చూస్తారు. పనిచెయ్యకపోతే ఈ కంప్యూటర్ని పాతసామాన్లకి వేసేస్తారంట. మా పిల్లలకి ఇంకో కంప్యూటర్ లేదు సార్" అన్నారామె.

మనం రాసిన ఆదేశాలను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారట. పెద్ద కంప్యూటర్ల కోసం తయారైన అటువంటిదాన్ని ఆమె ఈ చిన్న యంత్రానికి తగినట్లు తిరిగి రాశారు. మెమొరీ చాలనందున భాగాలుగా విడదీసి ఆ క్యాసెట్టులోకి ఎక్కించారు. ఒక భాగం పని ముగించి చెరిగిపోతేనే తర్వాతిదానికి చోటు.

టేపు కీచుమనడం మొదలుపెట్టింది.

"పాటలొస్తాయనుకున్నానండీ" అన్నాడు గది అటెండరు.

"దీని పాట ఇదేనండీ" అన్నారామె నవ్వకుండా.

గోడ ప్లగ్గు వదులుగా ఉంది. అది కదిలితే అంతా మొదటికొస్తుందని ఆమె కంగారుపడ్డారు. నేను లేచి దాన్ని అదిమి పట్టుకున్నాను. ఒక్కొక్క భాగమే వచ్చి, తన పని తాను చేసి, తప్పుకున్నది. చివరకు ఆమె విద్యార్థిని రాసిన ప్రోగ్రాము తెర మీద పదమూడో ఎక్కాన్ని వరుసగా పరిచింది. బల్లల మీది ప్రయాణికులు దాన్ని పైకి చదవసాగారు.

"ఇక వదిలెయ్యండి సార్, అయిపోయింది" అన్నారామె.

ప్రయాణికులు ఎక్కం పూర్తిచేసే వరకు నేను చేయి తీయలేదు.