సొంతూరి కట్ట

సారమ్మ కట్టిన చెరువు కట్టలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఆమె ఊరున్న కోడేరు మండలంలో లేదు. కొన్ని మహారాష్ట్రలో, కొన్ని గుజరాత్‌లో, మిగతావి కర్ణాటకలో. పెళ్లయిన మూడో నెలలోనే మొగుడు ఇస్రాయేలు వెంట, కూలీలను వలస తీసుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కింది. అతను పోయాక కూడా తట్ట దించలేదు. ముప్పై ఏళ్లు ఎవరెవరి ఊళ్లకో నీళ్లు నిలబెట్టి, సొంతూరికి వచ్చి బిందె పట్టుకొని బోరింగు దగ్గర వరుసలో నిలబడేది. దీన్ని ఏమనాలో సారమ్మకు బాగా తెలుసు, కానీ ఆ మాట అచ్చులో వేసేది కాదు.

మేస్త్రీల గుంపులో ఒక రివాజు ఉంది. ఇంజనీరుతో మాట్లాడేది మేస్త్రీ ఒక్కడే. కూలీలు తల వంచుకొని మట్టి మోయాలి. కళ్లముందు తప్పు జరుగుతున్నా నోరు మెదపకూడదు. ఈ అలవాటు వాళ్ల ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, మూడేళ్ల కింద సొంతూరి కుంటకు కట్ట పని వచ్చినప్పుడు కూడా అట్లాగే చేశారు. కట్ట అడుగున తవ్విన కందకంలో గుత్తేదారు మనుషులు జిగురులేని ఎర్రమొరం పోస్తుంటే ఊరంతా చూసింది. అది నీటిని ఆపదని ఊరంతటికీ తెలుసు. దేశమంతా కట్టలు కట్టి వచ్చిన వాళ్లు, నోళ్లు కుట్టేసినట్టు ఆ మొరాన్నే ఎత్తి పోశారు. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి ఉంటుందా?

కాలువ నీళ్లు వచ్చి కుంట నిండింది. పన్నెండు రోజుల్లో ఆ నీళ్లన్నీ కట్ట కిందినుంచి జారుకున్నాయి. వేసిన నాట్లు ఎండిపోయాయి. క్రిస్మస్ కాగానే మేస్త్రీ నాగప్ప లారీ వచ్చి ఆగింది. సారమ్మ కొడుకు జోసెఫ్, కోడలు మానస ఎక్కారు. నాలుగో తరగతి చదివే మనవరాలు హెప్సిబా బడి సంచీతోనే ఎక్కింది. ఆ సంచీని చూసి సారమ్మ గుండె తరుక్కుపోయింది.

ఈ ఏడు ఎండాకాలం, వలస పోయినవాళ్లు తిరిగి వచ్చాక, కుంటకు మళ్లీ డబ్బు మంజూరైంది. పూడిక తీయాలి, కట్టను విప్పి మళ్లీ కట్టాలి. పని చూసుకునే ఇంజనీరు శ్రీవాణికి నిండా ముప్పై ఏళ్లు ఉండవు. పూడిక తీశారు, కందకం తవ్వారు. మూడో రోజు ట్రాక్టరు వచ్చి కందకం పక్కన మట్టి ఒంపింది. అదే ఎర్రమొరం. సారమ్మ తట్ట నేలకేసి కొట్టింది.

"మేడం, గీ మట్టి ఆగదు."

పక్కనున్న ఆడవాళ్లు బిక్కచచ్చిపోయారు. గుత్తేదారు మనిషి కసిరాడు. "నీకేం ఎరుక ముసల్దానా? నీ పని నువ్వు చూస్కో."

"నా పనే చూస్కుంటున్న. పోయినసారి చూస్కోకనే గిట్లయింది."

"ఆగదని ఎట్ల చెప్తున్నవమ్మా?" అంది శ్రీవాణి. ఎగతాళి లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది.

సారమ్మ మొరం తీసి తడిపి, చేతులతో చిన్న కుండలా గురిగి చేసి నీళ్లు పోసింది. చూస్తుండగానే గురిగి అడుగు ఊడిపోయింది. తర్వాత వాగు పక్కనున్న తన చేనుకు పోయి నల్లరేగడి ముద్ద తెచ్చి ఇంకో గురిగి చేసింది. అంచుదాకా నీళ్లు నింపి నీడన పెట్టింది.

"అన్నం తిని రాండ్రి, మాట్లాడుకుందం."

తిని వచ్చేసరికి నీళ్లు అంచు దగ్గరే ఉన్నాయి. శ్రీవాణి రెండు రకాల మట్టినీ పరీక్షకు పంపించింది. సారమ్మ గురిగి చెప్పిన మాటే నాలుగు రోజుల తర్వాత కాగితం మీద వచ్చింది.

అయితే అంత రేగడి ఎక్కడ దొరుకుతుంది? దూరం నుంచి తోలడానికి మంజూరైన డబ్బు చాలదన్నారు. దగ్గరలో ఉన్న రేగడి సారమ్మ ఎకరం ఒక్కటే. ముప్పై ఏళ్ల చెమటతో కొన్న ఎకరం అది.

"నా చేన్ల తియ్యిండ్రి," అంది చివరికి. తవ్విన చోట కుంట పూడిక పోయించి చదును చేయిస్తానని శ్రీవాణి మాటిచ్చింది.

ఇంట్లో జోసెఫ్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "పిచ్చి గిట్ల లేసిందా అమ్మా? ఉన్నదే ఎకరం. కట్ట మళ్ల కారితే భూమీ పాయె, నీళ్లూ పాయె. మల్ల లారే గద దిక్కు?"

"కారది."

"నీకెట్ల తెల్సు?"

"ఎన్ని కట్టలు కట్టిన్రా నేను? ఒక్కటన్న కారిందా?"

అన్నదేగానీ ఆమెకూ అంత ధీమా లేదు. ఆ కట్టలన్నిటికీ పైన ఎవరో ఒకరు జవాబు చెప్పేవాళ్లు ఉండేవారు. ఈ కట్టకు జవాబు చెప్పాల్సింది తానే.

ఆ మర్నాటినుంచి సారమ్మ కందకంలోనే ఉంది. జానెడు మందాన రేగడి పరిపించి, తడిపించి, రోలరు తిప్పించింది. రోలరు తిరిగిన ప్రతిసారీ కొంగులో ఒక రాయి వేసుకుంది. ఎనిమిది రాళ్లు పడకుండా డ్రైవరును చాయ్‌కి కూడా వదల్లేదు. "మేడం ఊకుంటది గానీ గీ ముసల్ది ఊకుంటలేదు," అని అతను నెత్తి కొట్టుకున్నాడు. రివాజు ఎటు పోయిందో ఏమో, మిగతా ఆడవాళ్లకూ నోళ్లు లేచాయి. బాలమణి అయితే సరిగ్గా తడపని పొరను చూసి గుత్తేదారు మనిషినే కందకంలోకి దించి తొక్కించింది.

ఆగస్టులో కాలువ నీళ్లు వదిలారు. కుంట నిండింది. ఊరంతా కట్ట మీద నిలబడి నీళ్లు చూస్తే, సారమ్మ కట్ట కింద, అవతలివైపు పొడి నేల మీద ఉత్తకాళ్లతో నడిచింది. రోజూ పొద్దున్నే అదే పని. పాదానికి తడి తగులుతుందేమోనని ప్రాణం బిగపట్టుకొని నడిచేది. పదో రోజు పొడిగానే ఉంది. పదకొండో రోజూ అంతే.

పన్నెండో రోజు ఆమె వెనక ఊరంతా నడిచింది. ఎవరూ పిలవలేదు, వచ్చారు. ఈ చివరనుంచి ఆ చివరదాకా పోయి సారమ్మ వంగి గుప్పెడు మట్టి తీసి ఊదింది. దుమ్ము లేచి జోసెఫ్ ముఖాన పడింది. అతను కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ తడి దుమ్ముకే వచ్చిందా అని ఎవరూ అడగలేదు. బాలమణి పెట్టిన కేక పక్కూరికి వినిపించి ఉంటుంది. సారమ్మ మట్టిలోనే కూలబడి బోరున ఏడ్చింది. ముప్పై ఏళ్లలో ఇంత సంతోషం ఎన్నడూ ఎరగదు.

క్రిస్మస్ వెళ్లిన మూడో రోజు నాగప్ప లారీ వచ్చింది. ఎప్పటిలా హారను కొట్టాడు. ఒక్కరూ రాలేదు. మనుషుల్ని వెతుక్కుంటూ కుంట దాకా వచ్చి, నిండా నీళ్లు చూసి నిలబడిపోయాడు. కింద మడుల్లో జోసెఫ్ రెండో పంటకు బురద చేస్తూ కరిగట్టు దున్నుతున్నాడు, ఆడవాళ్లు నారు పీకుతున్నారు.

"సారమ్మా, కట్ట బాగున్నది. ఏ మేస్త్రీ కట్టిండు?"

ముప్పై ఏళ్లు ఇన్ని ఊళ్లు తిరిగితే, కట్ట ఎవరు కట్టారని ఆమెను ఒక్కరూ అడగలేదు. సారమ్మ నడుం నిటారు చేసి నిలబడింది.

"మేస్త్రీ లేడు. మేమే కట్టుకున్నం," అంది. "నాట్లకు మనుషులు తక్కువ పడుతున్నరు. పది మందిని తోల్కరా, నాగప్పా. కూలి ఇస్తం."