కాంపౌండరూ, నా రుమాలూ

బాతు రెట్ట గురించి రాయాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఛీ, తలుచుకుంటేనే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. కాకి రెట్ట వేరు, కోడి రెట్ట వేరు. పెద్దబాతు రెట్ట పచ్చగా, జిగటగా, వేలెడంత ఉంటుంది. ఒకటి కాదు రెండు కాదు, ఏడు బాతులు. రోజంతా గడ్డి మేసి, మేసినదంతా తెచ్చి నా గేటు ముందు తెల్ల టైల్స్ మీదే దింపుతాయి. ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు!

ఆ బాతులు మా పక్కింటి సవరమ్మవి. ఏన్కూరు చివర, అడవి మొదలయ్యే చోట మా కాలనీ. అందులో ఆఖరి ఇల్లు ఆమెది, దానికి ముందరిది నాది. ఆమె సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండేళ్లుగా చెవులు దాదాపు వినపడవు. పక్కన నిలబడి అరిస్తే ఒకటీ అరా మాటలు అందుతాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఇప్పటికీ డ్యూటీలో ఉన్నట్టే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తిరుగుతుంది. బాతులకు కూడా దవాఖానా పేర్లే పెట్టింది. అందరికంటే ముందు మెడ సాచి నడిచే పోతు పేరు కాంపౌండరు. వెనకాల బరువుగా ఊగుతూ వచ్చేది హెడ్ నర్సు. తక్కిన ఐదూ పేషెంట్లట.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి మిర్చి పండించడానికి వచ్చాడు. నేను మిర్చి వ్యాపారంలో సంపాదించిందంతా ఈ ఇంటికే పోశాను. మొన్న వానాకాలంలో నా భార్య సుశీలమ్మ ఆ రెట్ట మీద కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. దాంతో నా ఓపిక అయిపోయింది. కట్టు కట్టించుకొచ్చి ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, నేరుగా సవరమ్మ వాకిట్లోకి వెళ్లాను.

"ఇదిగో సవరమ్మా, వీటిని అమ్ముతావా, కోసుకుని తింటావా? ఏదో ఒకటి తేల్చు!" అని చెవి దగ్గర అరిచాను.

"గట్లనకు సారూ. నాకు చెవులు పోయినయ్. గేటు కాడికి ఎవలొచ్చిండ్రో నాకెట్ల తెలుస్తది? కాంపౌండరు మెడ లేపిండంటే ఎవలో వచ్చిండ్రని లేస్త. పోయిన నెల బాత్రూంల కట్లపాము జొచ్చింది. ఇవి రెక్కలు కొట్టుకుంట అడ్డం నిలబడకపోతే దాని మీదనే కాలేసెదాన్ని. ఇవి లేకుంటే ఈ ఇంట్ల నేనొక్కదాన్ని ఉండలేను."

"అయితే ఈ కంపు మేము భరించాలా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది సారూ, కంపా? నీ బిడ్డ సాయిప్రియ పుట్టిననాడు నువ్వు వరండాల ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని నిలబడ్డవ్. లోపలున్నదంత నేనే ఎత్తిన. నేనెన్నడన్న ముక్కు మూసుకున్ననా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నిజం కావడం వల్ల ఇంకా మండింది.

గేటు ముందు అడ్డంగా తాడు కట్టాను. కాంపౌండరు దాన్ని దర్జాగా దాటాడు. కారం నీళ్లు చల్లాను. మిర్చి వ్యాపారిని కదా, కారానికి కొదవేముంది? వాటికి చీమ కుట్టినట్టైనా లేదు, నాకే రోజంతా తుమ్ములు. ఒకనాడు సవరమ్మ పెన్షన్ పని మీద వెళ్లినప్పుడు ఏడింటినీ ట్రాలీ ఆటోలో ఎక్కించి, నాలుగు కిలోమీటర్ల అవతల చెరువులో వదిలించాను. సాయంత్రానికి తారు రోడ్డు మీద వరసగా నడిచొచ్చేశాయి, వెనకాల రెండు లారీలు హారన్లు కొట్టుకుంటూ. వచ్చి, రోజంతా బాకీ పడ్డదంతా నా టైల్స్ మీదే తీర్చుకున్నాయి. ఛీ ఛీ!

అప్పుడు దారి చూపించినవాడు జకర్యా. మా కాలనీవాడే, వాళ్ల చర్చిలో పెద్ద. అతని బండి కూడా ఆ రెట్ట మీద రెండుసార్లు జారింది.

"సార్, మా చర్చిల కోత పండుగ వస్తుంది. పంట ఉన్నోళ్లు వడ్లు తెస్తరు, లేనోళ్లు కోడో మేకో తెస్తరు. ఆరాధన అయినంక అన్నిటికీ వేలం పెడ్తం. సవరమ్మక్కదీ మా చర్చే, ఈసారి బాతులియ్యమని నేనడుగుత. దేవుని పేరు చెప్తే కాదనదు."

సిగ్గుపడాల్సిన ఆలోచన. నేను సిగ్గుపడలేదు. పైగా చికెన్ సెంటరు నడిపే లాలు దగ్గరికి వెళ్లి, వేలానికి తప్పకుండా రమ్మని చెప్పొచ్చాను.

సవరమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదని సుశీలమ్మ చెప్పింది. మూడో రోజు సరేనందట. బాతుల్ని దేవుడికి ఇచ్చేశాక ఇల్లు తాళం వేసి, కూసుమంచిలో చెల్లెలి దగ్గరికి పోతానందట. "ఉసురు తగులుతుందండీ మనకి" అంది సుశీలమ్మ. "నీ చెయ్యి విరిగినప్పుడు ఏమైంది ఆ ఉసురు?" అని కసిరాను.

ఆ ఆదివారం చర్చి ముందు షామియానా వేశారు. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. నా కళ్లతో చూస్తే తప్ప నమ్మకం లేక నేనూ వెళ్లి నిలబడ్డాను. బాతులు నా పక్కనే, వాటి పక్కన సవరమ్మ. క్రాంతికుమార్ అనే కుర్రాడు మైకులో ముందుగా బాతుల వేలం పాట మొదలుపెట్టాడు. లాలు మెడలోని తువ్వాలు తీసి పైకెత్తాడు. ఇంకెవరూ కదల్లేదు. ఏడు పెద్దబాతుల్ని ఇంటికి తీసుకుపోయే పిచ్చివాడెవడు?

సవరమ్మ నా చొక్కా పట్టుకు గుంజింది. తలకాయలు అడ్డొచ్చి ఆమెకు ముందువైపు కనపడటం లేదు. "ఎవలు పాడుతున్నరు సారూ?"

"లాలు!" అని అరిచాను.

"చికెన్ లాలా?"

కాంపౌండరు మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆ చేత్తోనే వాడి ఈకలు సరిదిద్దింది. సరిగ్గా అప్పుడే ఆ కాంపౌండరు వెధవ, చావు ముందర కూడా బుద్ధి మార్చుకోకుండా, నా చెప్పు మీద పిచికారీ కొట్టాడు. వెచ్చగా, వేళ్ల సందుల్లోకి. వాక్! జేబులోంచి రుమాలు లాగి ముక్కు దగ్గరికి ఎత్తాను.

"రామారావు సారు పాట!" అన్నాడు క్రాంతికుమార్ మైకులో.

రామారావంటే నేనేనని తట్టడానికి ఒక్క క్షణం పట్టింది. వాళ్ల చర్చిలో వేలం పాడేవాళ్లు నోటితో కేకలు వేయరు, రుమాలు ఎత్తుతారు. దేవుని సన్నిధిలో అరుపులు మర్యాద కాదని పెద్దలు ఎప్పుడో పెట్టిన నియమమట. లాలు తువ్వాలు చూసి కూడా నా బుర్రకు తట్టలేదు.

"అబ్బే, కాదు" అనడానికి నోరు తెరిచాను. సవరమ్మకు మైకు వినపడలేదు గాని రుమాలు కనపడింది.

"నువ్వా సారూ?" అంది.

పిలిచినవాణ్ణి నేనే అడ్డం పడ్డానని లాలు అయోమయంగా నా వైపు చూశాడు. "మంచిది, సారే తీసుకోనీ" అని తువ్వాలు దించాడు. ఒకటోసారి అన్నారు. రెండోసారి అన్నారు. కాదనడానికి అప్పటికీ టైముంది. చెప్పులో వేళ్లు జారుతున్నాయి. రుమాలు మాత్రం దించలేదు. మూడోసారి కూడా అన్నారు.

బాతుల్ని పెట్టడానికి నా ఇంట్లో మట్టి అనేది లేదు. అందుకని ఆ సాయంత్రం వాటిని ఆమె వాకిట్లోనే వదిలాను. సవరమ్మ నాకు దండం పెట్టలేదు, ఒక మంచి మాటా అనలేదు. కూసుమంచి ఊసు కూడా ఎత్తలేదు.

మర్నాడు పొద్దున గేటు ధనధనా మోగింది. సవరమ్మ. కుచ్చిళ్లు దోపుకుని ఉంది, చేతిలో చీపురు.

"సారూ, నీ బాతులు నా వాకిలంత ఖరాబు చేసినయ్. వచ్చి ఎత్తు."

నా చెయ్యి దానంతటదే జేబులో రుమాలు వెతుక్కుంది.

"రుమాలెందుకు? రెండు చేతులు కావాలె. జల్దీ రా" అని చీపురు నా చేతిలో పెట్టింది.