వంతెన అడిగిందన్నారు

సూర్యాపేట నుంచి వస్తుంటే మూసీ దగ్గర బస్సు ఆగింది. పాత వంతెన పక్కనే కొత్తది కడుతున్నారు. కిటికీలోంచి తడి సిమెంటు వాసన వచ్చింది. అది మా అమ్మ కొంగు వాసన.

నా చిన్నప్పుడు పాత వంతెన పనిలో అమ్మ తట్టలు మోసేది. పిల్లర్ల కోసం ఏటి నడుమ బావుల్లా తవ్వుతుంటే, వంతెన నిలవడానికి పిల్లల్ని బలి అడుగుతుందని మా వాడంతా అనుకునేవాళ్లు.

"గాడికి పోకమ్మా" అని నేను ఏడిస్తే అమ్మ నవ్వేది.

"అది పిల్లల్నే అడుగుతదట బిడ్డా, నన్నేం జేస్తది? నువ్వైతే ఇల్లు కదలకు."

నేను కదల్లేదు. ఒక సాయంత్రం, పిల్లర్ మీది నుంచి జారిపడ్డ అమ్మను చాపలో చుట్టి తెచ్చారు. నేను దొరకలేదు కాబట్టే వంతెన అమ్మను తీసుకుందని చాలా ఏళ్లు నమ్మాను.

ఇవాళ కొత్త పిల్లర్ అంచున ఒకామె తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. నడుముకు తాడు లేదు. ఆ రోజు అమ్మకూ లేదు.

వంతెన ఎవరినీ అడగదు. అడగకుండానే ఇచ్చేస్తారు.