ట్రంకుపెట్టెలో వెళ్లిపోయిన మట్టి లెక్కలు

మొన్న ఆదివారం, వ్యవసాయ పరిశోధన చేస్తున్న మా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఒకటే విసుక్కుంది. తాను చేసిన మట్టి పరీక్షల అంకెలు ఏ ఊరివి, ఎంత లోతులోవి, ఎలా కొలిచినవి అని వివరంగా రాసి, ఎవరైనా వెతికి వాడుకునేలా అందుబాటులో పెడితే తప్ప ఆమె వ్యాసాన్ని అచ్చుకు తీసుకోరట. "ఎవురు చూస్తారు తాతా ఇవన్నీ?" అంది. ఆ పూటంతా నా మనసు బళ్ళారి కంటోన్మెంట్‌లోని మా పాత ఆఫీసు చుట్టూనే తిరిగింది.

తుంగభద్ర కాలువ కింద వరి వేయడానికి కోస్తా నుంచి మావాళ్లు కుటుంబాలతో తరలి వస్తున్న రోజులవి. నన్ను చదివించిన పెదనాన్న కూడా అక్కడున్న కాస్త భూమీ అమ్మేసుకుని వచ్చి, ఇక్కడ ఒక నల్లరేగడి పొలం బేరమాడాడు. అలాంటి నేలలో కొన్నిచోట్ల అడుగున నీరు ఇంకదు, కాలువ నీళ్లు పెట్టేకొద్దీ ఉప్పు పైకి తేలి చౌడుబారిపోతుంది. నేను అప్పుడే మట్టి పరీక్షల ఆఫీసులో అసిస్టెంటుగా చేరాను కనుక, ఈ పొలం సంగతేమిటో కనుక్కోమన్నాడు.

కనుక్కోవడానికి ఏముంది, కాలువ రాకముందే ఆ ఊళ్లన్నిటా గుంతలు తవ్వి పరీక్షలు చేసి ఉంచారు. కాకపోతే ఆ పని చేసిన ఆఫీసరు, జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు ఆంధ్ర వైపు ఉద్యోగం కోరుకుని వెళుతూ, మంచాలూ కుర్చీలతో పాటు ఆ అంకెలను కూడా ట్రంకుపెట్టెలో సర్దుకుపోయాడు. దొంగతనం అనుకునేరు, ఎవరు చేసిన పరిశోధన వారి సొత్తు అనుకోవడమే అప్పటి పద్ధతి. మాకు మిగిలినవి బొద్దింకలు చీటీలు కొరికేసిన మట్టి సీసాలు.

కొత్త ఆఫీసరు మంచివాడే. అంకెలు పంపమని పాత ఆఫీసరుకు ఉత్తరం రాస్తే, అది పై ఆఫీసులన్నీ ఎక్కి, రాష్ట్రం దాటి, ఎన్నాళ్లకో జవాబు తెచ్చింది, నివేదిక అచ్చయ్యేదాకా ఇవ్వడం కుదరదని. సరే మళ్లీ తవ్వుదామని వెళితే, పొలం అమ్మజూపిన రైతు గట్టు మీద నిలబడి నవ్వాడు. "ఏందప్పా, మళ్లా మన్ను తీస్తాండారు? పోయినసారి తీస్కపోయిన మన్నంతా యాడ పెట్టినారు?" మేమూ నవ్వేసి గుంతలు తవ్వుకున్నాం. ఆ మట్టిని పెద్ద ప్రయోగశాలకు పంపాం. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు లేడు. కాస్త ఆగమని నేను బతిమాలుతూనే ఉన్నాను, ఇక ఆగితే బేరం తప్పిపోతుందని పెదనాన్న పొలం కొనేశాడు.

మొదట్లో పంటలు బాగానే వచ్చాయి. తర్వాత మడుల్లో తెల్లటి పొర తేలడం, నాటిన పైరు నాటినట్టే మాడిపోవడం మొదలైంది. ఎరువులు పోశాడు, చెరువు మట్టి తోలించాడు, పెద్దమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి వచ్చినకాడికి అమ్ముకుని వెనక్కి వెళ్లి, సొంత ఊళ్లో మరొకరి పొలం కౌలుకు చేసుకున్నాడు. రెండోసారి పంపిన మట్టి ఏమైపోయిందో ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు పాత ఆఫీసరు నివేదిక అచ్చయి మా ఆఫీసుకు వచ్చింది. పెదనాన్న పొలమున్న ఊరూ అందులో ఉంది, వరికి పనికిరాదు, జొన్న, పత్తి వేసుకోవాలి అని. మా ఇంట్లో పెళ్లికి వచ్చినప్పుడు పెదనాన్నకు ఆ సంగతి చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను, వేసి ఉంటే నాకే కాస్త తేలికయ్యేది. ఆయన మాత్రం, "మన పాత పొలం పక్క చేను ఎవరో కొనబోతున్నారటరా, మనవైపు వాళ్లేనట. ముందెళ్లి వాళ్లకి చెప్పిరా" అన్నాడు. సైకిలు వేసుకుని వెళ్లి చెప్పివచ్చాను. వాళ్లు బేరం మానుకున్నారు.

ఇప్పుడు ఏ ఊరి మట్టి సంగతైనా కూర్చున్నచోటే తెలిసిపోతోంది, సంతోషమే. ఒకసారి చేసిన పనినే మళ్లీ మళ్లీ చేసి అలిసిపోయిన తరం మాది. ఇంకొక్క పంటకాలం ఆగి ఉంటే బాగుండేదని పెదనాన్న గురించి చాలాకాలం అనుకునేవాణ్ణి. ఈమధ్య ఫోనులో ఆ ఊరి పేరు కొట్టి చూశాను. వరికి పనికిరాదన్న మాట రెప్పపాటులో వచ్చేసింది. పాపం, ఆయన మాత్రం ఎన్నేళ్లని ఆగేవాడు.