నా సెల్ నంబరు ప్రధాన సంఖ్య

ములకలపల్లి దగ్గర ఒక బడిలో లెక్కల మాస్టర్ని. నా పదంకెల సెల్ నంబరును లక్షలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో ఏడాదిగా భాగిస్తున్నాను. ఈ రోజు లెక్క ముగిసింది. అది ప్రధాన సంఖ్యే! ఎవరికైనా చెప్పాలని సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కాను. ఎవరికి చేయాలో తోచలేదు. ఫోన్ మాట్లాడుకోవడానికి వచ్చిన మా బడి వంటమనిషి మరియమ్మ అక్కడే ఉంది. ఆమెకే చెప్పాను.

"ఒకటితో, తనతో తప్ప దేనితోనూ పోదు మరియమ్మా."

"గంత పెద్దగుండి ఒంటిదేనా సారూ? పాపం. ఏదీ, నంబరు చెప్పుండ్రి."

చెప్పాను. మిస్డ్ కాల్ ఇచ్చింది. ఈ నెలలో నా ఫోన్ మోగడం అదే మొదటిసారి. ఆమె పేరు సేవ్ చేస్తే మొత్తం ఏడు పేర్లయ్యాయి. ఏడూ ప్రధాన సంఖ్యే. మీ ఫోన్‌లో ఎన్ని?