గొర్రెను చూసి కొలిచిన దూరం

మధ్యాహ్నం రెండింటికి ఆ ఆర్మీ పోస్టుకు చేరాం. కాశ్మీరులో సరిహద్దు కొండ. మంచు కరిగి మోకాలి దాకా బురద. నాది ఆత్మకూరు. నా జోడీ ఉదయగిరి వాడు. బైనాక్యులర్ పట్టి దూరం చెప్పడం వాడి పని, కాల్చడం నా పని. అంతకు ముందు వారమే నీళ్ళకు వెళ్ళిన వంటవాణ్ణి అవతలి షూటర్ చంపేశాడు. ఆ షూటర్ మీద మాకు కడుపు మండిపోతోంది.

స్కోప్ గురి సరిచూసుకోవడానికి బంకర్ వెనక పాతిక మీటర్ల చదును తప్ప ఏమీ లేదు. అట్టముక్క మీద బొగ్గుతో చుక్క పెట్టాం. స్కోప్ పైన, గొట్టం కింద. అందుకే అంత దగ్గర్లో తూటా చుక్కకు రెండు వేళ్ళ కింద పడాలి. కాల్చిన మూడు తూటాలూ అక్కడే పడ్డాయి.

"ఇంక వాడి పని అయిపోయినట్టేరా," అన్నాడు జోడీ.

మర్నాడు పొద్దున్నే అవతలి షూటర్ కనిపించాడు. రాళ్ళ సందులో టోపీ, పక్కనే మేస్తున్న గొర్రెలు. దూరం కొలిచే యంత్రం బ్యాటరీ చలికి చచ్చింది.

వైర్‌లెస్‌లో పోస్ట్ కమాండర్: "ఒక్క గుండే. తప్పితే మీరు వాడికి దొరికిపోతారు."

"ఎంతరా?" అన్నాను.

"ఐదొందలు."

"నాకు నాలుగొందలే అనిపిస్తా ఉండాది."

"గొర్రెల్ని చూడరా. అంత చిన్నగా అగుపిస్తా ఉండాయంటే ఐదొందలే. పుట్టినప్పట్నించి వాటి ఎనకే తిరిగినోణ్ణి, నాకు చెప్తావేంది?"

నిజమే. వాళ్ళది గొర్రెలు కాసే ఇల్లు. స్కోప్ ఐదు వందలకు తిప్పి కాల్చాను. తూటా టోపీ మీదుగా పోయి వెనక బండకు తగిలింది. గొర్రెలు చెదిరాయి. ఒకటి చిన్న రాయి ఎక్కబోయి ఎక్కలేక జారింది. అప్పుడర్థమైంది. మా నెల్లూరు గొర్రెలు పొడుగుకాళ్ళవి. ఇవి పొట్టివి, అందుకే దగ్గరున్నా దూరంగా అనిపించాయి.

"నాలుగొందలేరా!" అని తిరిగేలోపే అవతలి గుండు నా జోడీ మెడలో దిగింది.

సర్వీసు ముగించి ఇంటికొచ్చాను. ఆత్మకూరు బస్టాండు టీ కొట్లో అడుగుతారు, "ఎంతమందిని లేపినావన్నా?" అని. ఒళ్ళు మండుతుంది. గ్లాసు అక్కడే పెట్టి లేచి వస్తాను.

ఉదయగిరిలో నా జోడీ వాళ్ళ నాయన ఇంకొకటి అడిగాడు.

"గొర్రెల్ని చూసి దూరం చెప్పేది మావాడికి నేనే నేర్పినా. అక్కడ పనికొచ్చిందా అబ్బయా?"

"వచ్చింది పెదనాయనా," అన్నాను.

నడుమెత్తు గొర్రెల మధ్య ఆయన తల ఊపాడు. నా కళ్ళ ముందు మాత్రం ఆ పొట్టి గొర్రె, రాయి ఎక్కలేక జారుతూనే ఉంది.